ఆసుపత్రికీ న్యాయస్థానానికీ దుభాషులను తయారుచేయడం: పదకోశం కంటే ముందు నేర్పవలసినవి

తెలుగు, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చిన పన్నెండు మందికి మూడు నెలల్లో ఆసుపత్రుల్లోనూ న్యాయస్థానాల్లోనూ దుభాషులుగా పనిచేసే శిక్షణ ఇవ్వాలనీ, అందుకోసం వైద్య, న్యాయ పదాలు నాలుగు వేలతో ఒక పదకోశం సిద్ధం చేశామనీ, దానిని వారాలవారీగా ఎలా నేర్పితే బాగుంటుందో చెప్పమనీ మీరు అడిగారు. ఈ రెండు చోట్లా చాలా ఏళ్ళు దుభాషిగా పనిచేసి, ఆ తరువాత కొత్తవారికి శిక్షణ ఇస్తూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను: పదకోశాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అది అక్కరలేదని కాదు. మొదటి రోజే దానిని చేతికిస్తే, ఒక భాషలోని మాట వినగానే రెండో భాషలోని మాట అందించడమే దుభాషి పని అన్న భావన శిక్షణార్థుల మనసులో నాటుకుపోతుంది. ఆ భావనను తరువాత పెకలించడానికి పట్టే కాలం, పదాలు నేర్పడానికి పట్టే కాలం కంటే ఎక్కువ. ఒక మాటను అక్కడ ఎందుకు అంటున్నారో, దానిని బట్టి ఎదుటివారు ఏ నిర్ణయం తీసుకోబోతున్నారో తెలిసిన దుభాషి తెలియని పదం ఎదురైనా ఆగి అడుగుతాడు. అది తెలియనివాడు తనకు బాగా తెలిసిన పదం దగ్గరే పొరపడతాడు, పొరపడినట్లు అతనికి తెలియను కూడా తెలియదు.

దుభాషుల శిక్షణలో తరచుగా చెప్పే ఒక ఉదంతం ఉంది. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో 18 ఏళ్ళ యువకుడిని అపస్మారక స్థితిలో ఆసుపత్రికి తీసుకువచ్చారు. క్యూబా నుంచి వచ్చిన ఆ కుటుంబంవారు స్పానిష్‌లో ‘ఇంటాక్సికాడో’ అన్నారు. తిన్నదేదో పడలేదని వారి ఉద్దేశం. అక్కడ శిక్షణ పొందిన దుభాషి లేడు. ఇంగ్లీషులో దాదాపు అదే ధ్వనితో ఉన్న మాటకు మత్తులో ఉండడమనే అర్థం ఉండడంతో, మాదకద్రవ్యం మోతాదు మించిందన్న అంచనాతో చికిత్స నడిచింది. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. ఆ సంగతి బయటపడేసరికి ఆలస్యమైపోయి, ఆ యువకుడికి కాళ్ళూ చేతులూ శాశ్వతంగా పడిపోయాయి. ఆ తరువాత కుదిరిన పరిహారం ఒప్పందం విలువ సుమారు 7.1 కోట్ల డాలర్లు. ఈ ఉదంతాన్ని నేను మొదటి తరగతిలోనే చెబుతాను. అక్కడ అపాయం తెచ్చింది ఎవరికీ తెలియని మాట కాదు, అందరూ తమకు తెలుసనుకున్న మాట. ఎంత పెద్ద పదకోశమైనా ఆ గదిలో పనికివచ్చేది కాదు, ఎందుకంటే ఆ మాట కోసం దానిని తెరిచి చూడాలని ఎవరికీ తోచేది కాదు.

ఇలాంటి మాటలు మన భాషలో ఎన్ని ఉన్నాయో మీ శిక్షణార్థుల చేతనే రాయించండి. ఆడమనిషి ‘నెల తప్పింది’ అంటే గర్భం నిలిచిందని చెబుతోంది. నిండు గర్భిణి ‘నొప్పులు వస్తున్నాయి’ అంటే అవి పురిటినొప్పులు, ఒంటినొప్పులు కావు. ‘ఒంటికి’ (మూత్రానికి), ‘రెంటికి’ (మలవిసర్జనకు) అన్న మాటలు పట్టణంలో పుట్టి ఇంగ్లీషులో చదువుకున్న యువతకు తెలియకపోవడం నేను చాలాసార్లు చూశాను. ‘రెంటికి వెళ్ళి రెండు రోజులైంది’ అని పెద్దాయన చెబితే మలబద్ధకం సంగతి పోయి, ఆయన రెండు చోట్లకు వెళ్ళివచ్చినట్లుగా అనువాదమైన సందర్భం నా ఎదుటే జరిగింది. ‘గుండెల్లో మంట’ చాలామంది నోట పుల్లటి తేన్పులతో వచ్చే బాధ, కానీ గుండెపోటు వస్తున్న మనిషి కూడా అదే మాట అనవచ్చు. ఇక్కడ దుభాషి తనంతట తాను ఏదో ఒక వైపు తేల్చేయకూడదు. మంట అన్న మాటను మంటగానే, గుండెల్లో అన్న మాటను ఛాతీ భాగంలో అన్న అర్థంతోనే అందించి, మిగతాది తేల్చే పనిని వైద్యుడికి వదిలిపెట్టాలి. మీ పన్నెండు మంది ఇంగ్లీషు వైద్య పదాలు బట్టీ పట్టడానికి ముందు, ఇంట్లో పెద్దవాళ్ళు ఒంట్లో బాధలను ఏ మాటలతో చెబుతారో ఒక్కొక్కరు యాభై మాటలు సేకరించి తేవాలి. మీరు నాలుగు వేల పదాలు సిద్ధం చేశామన్నారు గనుక అడుగుతున్నాను: వాటిలో రోగి నోటి నుంచి వచ్చేవి ఎన్ని ఉన్నాయి?

ఇక అసలు విషయానికి వస్తాను. వృత్తిపరమైన సంభాషణలో ప్రతి ప్రశ్నకూ ఒక పని ఉంటుంది. వైద్యుడు ‘నొప్పి ఎలా ఉంది?’ అని అడిగితే అది కుశలప్రశ్న కాదు. పొడిచినట్లుందా, పిండినట్లుందా, బరువు పెట్టినట్లుందా, మంటగా ఉందా అన్నది రోగి తన సొంత మాటల్లో చెబితే అందులోంచి వైద్యుడు ఒక దారి వెతుక్కుంటాడు. ఒకసారి అభ్యాస తరగతిలో చురుకైన శిక్షణార్థి ఈ ప్రశ్నను ‘నొప్పి ఎక్కువగా ఉందా అండీ?’ అని తెలుగులో అడిగింది. రోగి పాత్ర వేసినాయన ‘ఉందమ్మా’ అన్నాడు. అది ఇంగ్లీషులోకి ‘అవును, ఎక్కువగా ఉంది’ అని వెళ్ళింది. భాషలో తప్పేమీ లేదు, ఆ అమ్మాయి రెండు భాషలూ నిర్దోషంగా మాట్లాడుతుంది. కానీ వైద్యుడు ఉద్దేశపూర్వకంగా తెరిచి ఉంచిన ప్రశ్న అవును కాదు అన్న ప్రశ్నగా మూసుకుపోయింది, ఆయనకు కావలసిన సమాచారం ఆయన అడిగిన తరువాత కూడా ఆయనకు చేరలేదు. ఈ ఒక్క ఉదాహరణ మీద మేము రెండు గంటలు గడిపాము, ఆ రెండు గంటలూ వృథా కాలేదు. రోగి చరిత్రను వైద్యుడు ఏ వరుసలో అడుగుతాడో, ఏ ప్రశ్నను తెరిచి అడుగుతాడో, ఏ ప్రశ్నను మూసి అడుగుతాడో ఒక వైద్యుడి చేతనే తరగతిలో చెప్పించండి. ఆ తరువాత శిక్షణార్థులు వినే తీరే మారిపోతుంది.

మానసిక వైద్యంలో ఈ సంగతి ఇంకా తీవ్రంగా ఉంటుంది. రోగి మాటల్లో పొంతన లేకపోతే, ఒక వాక్యం మధ్యలో తెగి ఇంకో వాక్యంలోకి దూకితే, దుభాషి అలవాటుగా దానిని చక్కదిద్ది అర్థవంతమైన వాక్యంగా అందిస్తాడు. మాటలను అర్థవంతంగా చేయడానికే మన మెదడు అలవాటుపడి ఉంది కాబట్టి ఇది దాదాపు అసంకల్పితంగా జరిగిపోతుంది. కానీ వైద్యుడు వెతుకుతున్నది ఆ పొంతన లేకపోవడాన్నే. అక్కడ తెగిన వాక్యాన్ని తెగినట్లే చెప్పాలి. అది సాధ్యం కానప్పుడు ‘వాక్యం పూర్తికాలేదు, తరువాతి మాటకు దీనితో సంబంధం కనిపించడం లేదు’ అని దుభాషిగా తెలియజేయాలి. జ్ఞాపకశక్తి పరీక్షల్లో రోగికి సాయంగా ఒక మాట ముందుకు తోయడం, తల ఊపి ప్రోత్సహించడం వంటివి కూడా ఫలితాన్ని చెడగొడతాయి. దయగల మనుషులకే ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది కాబట్టి దీనిని చాలా మృదువుగా, కానీ పట్టుదలగా సరిదిద్దవలసి ఉంటుంది.

న్యాయస్థానంలో మాటలకు ఉండే పని వేరు. అక్కడ సాక్షి ఏం చెప్పాడన్నదానితో పాటు ఎలా చెప్పాడన్నది కూడా సాక్ష్యమే. అమెరికా న్యాయస్థానాల్లో స్పానిష్ దుభాషుల పనిని దగ్గరగా పరిశీలించిన భాషాశాస్త్రవేత్త సూసన్ బెర్క్-సెలిగ్సన్ పరిశోధన 1990లో పుస్తకంగా వచ్చింది. సాక్షి వాడిన మర్యాద పదాలను దుభాషి అందించినప్పుడు, ఆ సాక్షి మరింత నమ్మదగినవాడిగా, తెలివైనవాడిగా వినేవారికి కనిపించాడనీ, వాటిని వదిలేసినప్పుడు ఆ అభిప్రాయం తగ్గిందనీ ఆమె ప్రయోగాల్లో తేలింది. ఒక్క ‘అండీ’ తీర్పు చెప్పేవారి మనసులో సాక్షి స్థానాన్ని కదిలించగలదన్నమాట. తెలుగు దుభాషికి ఇది రోజువారీ సమస్య. ఇంగ్లీషులో ‘యూ’ అన్నదానికి మనం ‘నువ్వు’, ‘మీరు’ల మధ్య ఎంచుకోక తప్పదు, ఎంచుకున్న ప్రతిసారీ న్యాయవాది అనని ఏదో ఒకటి ఆయన నోట పెట్టినట్లే. కాబట్టి ఆ ఎంపికను క్షణక్షణం దుభాషి మనసుకు వదలకుండా ముందే నియమంగా పెట్టాలి. న్యాయస్థానంలో ఎవరిని ఉద్దేశించినా ‘మీరు’ అనే నేను నేర్పుతాను. నిందితుడైనా, కూలిపని చేసుకునే సాక్షి అయినా, పదహారేళ్ళ పిల్లవాడైనా సరే. అయితే సాక్షి తనను ఎవరో తిట్టిన మాటలను యథాతథంగా చెబుతున్నప్పుడు ఆ ‘నువ్వు’నూ ఆ తిట్టునూ మెత్తబరచకుండా అందించాలి. తిట్లు పలకడానికి సిగ్గుపడే శిక్షణార్థులు ఉంటారు. వారి చేత తరగతిలోనే, అందరి ఎదుట, గొంతు తగ్గించకుండా పలికించండి. న్యాయస్థానంలో మొదటిసారి పలకవలసి వచ్చినప్పుడు తడబడడం కంటే అది మేలు.

తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు జారిపోయే వ్యాకరణ విషయాలు మూడు ఉన్నాయి, వీటి గురించి ఏ పదకోశమూ హెచ్చరించదు. మొదటిది ‘అట’. ‘కత్తి తెచ్చాడట’ అని సాక్షి అంటే తాను చూడలేదనీ, ఎవరో చెప్పగా విన్నాననీ అర్థం. ఆ చివరి అక్షరాలు జారిపోతే విన్న మాట చూసిన సాక్ష్యంగా మారుతుంది, ఆ రెండింటికీ న్యాయస్థానంలో ఎంత తేడా ఉందో మీకు తెలుసు. రెండవది ‘మేము’, ‘మనం’. ‘మేము గోడ దూకాం’ అన్న మాటలో వింటున్న వ్యక్తి లేడు, ‘మనం గోడ దూకాం’ అన్న మాటలో ఉన్నాడు. ఇద్దరు నిందితుల ఫోను సంభాషణ రికార్డును అనువదించేటప్పుడు ఈ తేడా కేసు మొత్తానికి కీలకం కావచ్చు, ఇంగ్లీషులో రెండూ ఒకే మాటగా కలిసిపోతాయి. మూడవది నేను శిక్షణలో అన్నింటికంటే ఎక్కువసార్లు వాడేది. సాక్షి ‘ఇంట్లోకి వచ్చి కొట్టారండి’ అన్నాడనుకోండి. కొట్టింది పలువురు కావచ్చు, సాక్షి గౌరవించి మాట్లాడుతున్న ఒక్క పెద్దమనిషి కావచ్చు. మా తరగతిలో ఈ వాక్యం వచ్చిన ప్రతిసారీ ఎక్కువమంది ఆలోచించకుండా బహువచనంలో అనువదిస్తారు, ఒక్కరు చేసిన దాడి అక్కడికక్కడే గుంపు దాడిగా మారిపోతుంది. ఇక్కడ సరైన పని ఊహించడం కాదు. ‘సాక్షి వాడిన క్రియ ఒకరినైనా పలువురినైనా సూచించవచ్చు, స్పష్టత కోసం అడగడానికి అనుమతి కోరుతున్నాను’ అని న్యాయమూర్తికి దుభాషిగా విన్నవించడం. ఈ ఒక్క వాక్యాన్ని రెండు భాషల్లోనూ తడుముకోకుండా చెప్పగలిగే వరకు, గట్టి గొంతుతో, నిలబడి, పదేపదే అభ్యాసం చేయించండి.

ఆగమని అడగడం నేర్పడం మీరు అనుకున్నంత తేలిక కాదు. భాష బాగా వచ్చినవారికి ‘నాకు అర్థం కాలేదు’ అనడం అవమానంగా తోస్తుంది. నల్లకోటు వేసుకున్న న్యాయవాదినో, తొందరలో ఉన్న శస్త్రవైద్యుడినో మధ్యలో ఆపడం ఇంకా కష్టం. అందుకే నేను చరిత్రలోని ఒక విషయం చెబుతాను. 1945 నవంబరులో మొదలై 1946 అక్టోబరులో తీర్పుతో ముగిసిన, జర్మనీ నాజీ నాయకులపై జరిగిన న్యూరెంబర్గ్ విచారణ ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, రష్యన్ భాషల్లో హెడ్‌ఫోన్ల ద్వారా ఏకకాలంలో నడిచింది. ఆ స్థాయిలో ఏకకాల అనువాదం, అంటే ఒకరు మాట్లాడుతుండగానే చేసే అనువాదం, నమ్మకంగా పనిచేస్తుందని నిరూపించిన మొదటి సందర్భం అదే. అక్కడి ఏర్పాటులో మాట్లాడేవారి ఎదుట దీపాలు ఉండేవి. పసుపు దీపం వెలిగితే వేగం తగ్గించాలి, ఎరుపు దీపం వెలిగితే ఆగాలి. ప్రపంచమంతా చూస్తున్న ఆ విచారణలో దుభాషి ఇబ్బందిని బట్టి వాదన ఆగేలా ఏర్పాటును యంత్రంలోనే పొందుపరిచారు. మన తరగతిలో దీపాలు ఉండవు, కానీ చెయ్యెత్తడం, నిర్ణీత వాక్యం చెప్పడం ఆ దీపాల పనే చేస్తాయి. మొదటి రెండు వారాల్లో, అడగవలసిన చోట అడగకుండా ఊహించి సరిగ్గానే చెప్పినవారికి కూడా నేను మార్కులు తగ్గిస్తాను. ఇది కొందరికి అన్యాయంగా తోస్తుంది. ఈ రోజు సరిపోయిన ఊహ రేపు సరిపోకపోవచ్చునని వారికి తెలియడానికి నాకు ఇంతకంటే మంచి మార్గం దొరకలేదు.

మీ ప్రశ్నలో మరో మాట ఉంది: మీ బృందంలో ముగ్గురికి బంధువులకూ స్నేహితులకూ ఆసుపత్రుల్లో అనువాదం చేసిన పదేళ్ళ అనుభవం ఉందనీ, వారికి శిక్షణ తగ్గించవచ్చా అనీ అడిగారు. తగ్గించకండి. అమెరికాలో పిల్లల అత్యవసర చికిత్స విభాగాల్లో జరిగిన 57 సంభాషణలను రికార్డు చేసి పరిశీలించిన అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది. మొత్తం తప్పుల్లో చికిత్స మీద ప్రభావం చూపగలవి వృత్తి దుభాషుల విషయంలో 12 శాతం, శిక్షణ లేనివారు అనువదించినప్పుడు 22 శాతం, అసలు దుభాషే లేనప్పుడు 20 శాతం ఉన్నట్లు తేలింది. అంటే శిక్షణ లేని దుభాషి ఉండడం అసలు లేకపోవడం కంటే మెరుగేమీ కాలేదు. నూరు గంటలు, అంతకు మించి శిక్షణ పొందినవారి విషయంలో ఆ వాటా 2 శాతానికి దిగింది. తప్పుల సంఖ్యతో సంబంధం కనిపించింది శిక్షణ గంటలకే గానీ, ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారన్నదానికి కాదు. నా అనుభవం కూడా ఇదే చెబుతుంది. పదేళ్ళుగా ఇంట్లోవారికి అనువదించినవారికి సంక్షిప్తం చేసి చెప్పడం, సలహా కలిపి చెప్పడం, బాధ కలిగించే మాటను మింగేయడం అలవాటై ఉంటాయి. ఆ సందర్భంలో అది ప్రేమతో చేసిన పనే, తప్పు పట్టవలసింది కాదు. కానీ ఆ అలవాట్లు వదిలించడానికి వారికి కొత్తవారి కంటే ఎక్కువ సమయం కావాలి. మీ మూడు నెలల కార్యక్రమంలో నూరు గంటలకు తగ్గకుండా చూసుకోండి, అందులో సగానికి పైగా నోటితో చేసే అభ్యాసానికే పోవాలి.

ఆ గంటలను ఎలా వాడాలన్నది ఇప్పుడు చెబుతాను. మొదటి మూడు వారాలు వైద్యమూ వద్దు, చట్టమూ వద్దు. వినడం, గుర్తుంచుకోవడం, ఉత్తమ పురుషలో, అంటే ‘నేను’ అంటూ, చెప్పడం మాత్రమే. రోగి ‘నాకు నిద్ర పట్టడం లేదు’ అంటే దుభాషి కూడా ‘నాకు నిద్ర పట్టడం లేదు’ అనే చెప్పాలి, ‘ఆయనకు నిద్ర పట్టడం లేదట’ అనకూడదు. తన గురించి చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం ‘దుభాషి అడుగుతున్నారు’ అని తనను తాను వేరుచేసుకోవాలి. లేకపోతే ఎవరి మాట ఎవరిదో వైద్యుడికీ తెలియదు, న్యాయస్థానం రికార్డులోనూ నిలవదు. జ్ఞాపకం కోసం మొదటి వారం కాగితం ఇవ్వకండి. అర నిమిషం మాట, ఆ తరువాత ఒక నిమిషం మాట విని, అందులోని వాదం ఏ దారిన నడిచిందో చెప్పించండి. రెండో వారంలో కాగితం ఇచ్చి, మాటలు కాకుండా వాటి మధ్య సంబంధాలు రాసుకోవడం నేర్పండి. దుభాషి జాన్-ఫ్రాన్సువా రొజాన్ 1956లో ఈ రాతపద్ధతిని సూత్రాలుగా పెట్టాడు. పదాలను కాదు భావాన్ని రాసుకోవాలనీ, పక్కపక్కన కాకుండా పైనుంచి కిందికి మెట్లుగా దించుతూ రాయాలనీ ఆయన చెప్పినవి నేటికీ పనికివస్తాయి. అంకెలు, తేదీలు, మందుల మోతాదులు, పేర్లు మాత్రం జ్ఞాపకానికి ఎప్పుడూ వదలకూడదు. మన లక్షలు, కోట్లకూ వారి మిలియన్లకూ మధ్య మార్చడం ఎంత తెలివైనవారినైనా తడబెడుతుంది. రోజుకు పది నిమిషాలు దీనికే కేటాయించండి, మూడు నెలలూ మానకండి.

నాలుగో వారం నుంచి రంగంలోకి దిగవచ్చు, కానీ చూసేవారిగా మాత్రమే. ఆసుపత్రి బయటి రోగుల విభాగంలో అనుమతి తీసుకుని కూర్చోబెట్టండి, బహిరంగ విచారణలు జరిగే న్యాయస్థానంలో రోజంతా వెనక బల్ల మీద కూర్చోబెట్టండి. ఒకే భాషలో జరిగే సంభాషణలే వినమనండి. ఎవరు ఎవరితో ఏ వరుసలో మాట్లాడతారు, న్యాయమూర్తి లోపలికి వచ్చినప్పుడు ఏమవుతుంది, అభ్యంతరం లేచినప్పుడు సాక్షి ఎందుకు ఆగాలి, వైద్యుడు చెయ్యి వేసి పరీక్షిస్తున్నప్పుడు దుభాషి ఎక్కడ నిలబడితే రోగికి మర్యాదగా ఉంటుంది అన్నవి పుస్తకంలో చదివితే ఒంటబట్టవు. అప్పుడు పదకోశం తీయండి. అయితే మీరు చేసినదాన్ని పంచకుండా, తాము విన్న సంభాషణల నుంచి వారినే కట్టుకోమనండి. ఒక్కొక్క పదానికి వైద్యుడు ఏమంటాడు, రోగి ఏమంటాడు, ఇద్దరికీ తెలిసిన మాట ఏది అన్నది రాయాలి. పుస్తకంలోని ‘మధుమేహం’, ‘మూత్రపిండం’, ‘రక్తపోటు’ అందరికీ అందవు. ‘షుగర్’, ‘కిడ్నీ’, ‘బీపీ’ ఎక్కువమందికి అందుతాయి. భాషాభిమానం ఉన్న మంచి శిక్షణార్థులు ఇక్కడ నాతో వాదిస్తారు. తెలుగు మాటల మీద వారికున్న మమకారం నాకూ ఉంది, కానీ రోగి మంచం దగ్గర గెలవవలసింది రోగికి అర్థమయ్యే మాటే. ‘బయాప్సీ’ వంటి మాటకు జనం నోట వేరే మాట లేదు. దానిని అలాగే చెప్పాలి, రోగి మొహంలో అర్థం కాని తీరు కనిపిస్తే ఆ సంగతి వైద్యుడికి తెలియజేయాలి, వివరించవలసినది వైద్యుడే. దుభాషి వివరించడం మొదలుపెట్టిన క్షణం నుంచి రోగి సమ్మతి దేనికి ఇచ్చాడో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు.

ఏడో వారం నుంచి చివరి వరకు పాత్రధారణ అభ్యాసాలే. వీటికి అసలైన వైద్యులు, నర్సులు, న్యాయవాదులు రావాలి. మీ సిబ్బందే వైద్యుడి పాత్ర వేస్తే వారు దుభాషికి అనుకూలంగా మాట్లాడతారు, అసలు వైద్యుడు అలా మాట్లాడడు. ప్రతి అభ్యాసాన్నీ రికార్డు చేసి, వాక్యం వాక్యం కాగితం మీద పెట్టించి, ఏది వదిలేశారు, ఏది కలిపారు, ఏది మార్చారు అని శిక్షణార్థి చేతనే గుర్తు పెట్టించండి. ఆ తరువాత వచ్చిన వైద్యుడినో న్యాయవాదినో ‘ఈ తప్పు వల్ల మీరు ఏం చేసి ఉండేవారు?’ అని అడగండి. శిక్షణ మొత్తంలో నాకు అత్యంత విలువైనదిగా కనిపించే ఘట్టం ఇదే. ‘అలెర్జీ లేదు’ అనువాదంలో ఎగిరిపోయిందని మనం చెబితే అది ఒక మార్కు తగ్గడం. దానికి తాను ఏ మందు రాసి ఉండేదో, లేదా భయపడి ఏ మందు ఆపి ఉండేదో వైద్యురాలు చెబితే ఆ గదిలో ఉన్నవారెవరూ జీవితంలో మరిచిపోరు.

హద్దుల గురించి కొంత. గోప్యత, నిష్పక్షపాతం, సలహా ఇవ్వకపోవడం అందరూ చెబుతారు, అందరూ తల ఊపుతారు, కష్టం వచ్చేది వరండాలో. గది బయట వేచి ఉన్నప్పుడు రోగి ‘డాక్టరుగారితో అనకు నాయనా, నేను ఆ మాత్రలు మానేసి నెలైంది’ అంటాడు. తన భాష మాట్లాడే మనిషి ఆ భవనంలో అతనికి ఒక్కడే దొరికాడు, చెప్పుకోకుండా ఎలా ఉంటాడు? ఆ మాట చెవిన పడ్డాక ఏం చేయాలన్నది చర్చించడం కంటే, అది చెవిన పడకుండా చూసుకోవడం నేర్పడం మేలు. వైద్యుడు లేనప్పుడు రోగి పక్కన కూర్చోకుండా ఉండాలి. కలిసిన తొలి నిమిషంలోనే ‘నేను దుభాషిని. ఇక్కడ మీరు అన్న ప్రతి మాటా వారికి చెబుతాను, వారు అన్న ప్రతి మాటా మీకు చెబుతాను, బయట ఎవరికీ చెప్పను’ అని ఇద్దరికీ వినిపించాలి. ఈ మాటలను శ్రద్ధగా చెప్పడం వల్ల నాకు తప్పిన చిక్కులు లెక్కలేనన్ని. ఇంకొక సంగతి, ఆసుపత్రిలో దుభాషికి ఉన్న వెసులుబాటు న్యాయస్థానంలో లేదు. రోగి సిగ్గుపడి చెప్పడం లేదనిపిస్తే వైద్యుడికి ఆ సంగతి సూచించవచ్చు, న్యాయస్థానంలో సాక్షి మౌనానికి కారణం చెప్పడం దుభాషి పని కానే కాదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ కూడా న్యాయరంగ దుభాషులకు 2019లో ఒక ప్రమాణాన్ని, వైద్యరంగ దుభాషులకు 2020లో మరొక ప్రమాణాన్ని వేరువేరుగా వెలువరించింది.

అలసట ప్రస్తావన మీరు చెప్పిన కార్యక్రమంలో ఎక్కడా కనిపించలేదు. ఏకకాల అనువాదంలో ఇరవై, ముప్పై నిమిషాలకు ఒకసారి దుభాషులు మారడం స్థిరపడిన పద్ధతి. అంతకు మించితే నాణ్యత పడిపోతుంది, పైగా అలసిన దుభాషికి తన తప్పులు తనకు వినిపించడం మానేస్తాయి. కాబట్టి జంటగా పనిచేయడం, పక్కవారికి అంకెలు రాసి అందించడం కూడా నేర్పవలసిన నైపుణ్యాలే. మనసుకు తగిలే దెబ్బ ఇంకొకటి. దక్షిణాఫ్రికాలో 1996లో మొదలైన, వర్ణవివక్ష కాలపు అకృత్యాల మీద సత్య, సయోధ్య సంఘం (ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్) జరిపిన విచారణల్లో దుభాషులు బాధితుల మాటలనూ, హింసించినవారి మాటలనూ ‘నేను’ అంటూ చెప్పవలసి వచ్చింది, వారిలో అనేకులు ఆ భారాన్ని చాలాకాలం మోశారు. ‘నన్ను కట్టేశారు’ అని నోటితో అన్నప్పుడు శరీరం అది తనకు జరగలేదని పూర్తిగా నమ్మదు. లైంగిక హింస కేసులు, పిల్లల మరణవార్తలు అభ్యాసంలోకి తప్పకుండా తీసుకురండి, కానీ ముందే చెప్పి, తరువాత కూర్చోబెట్టి మాట్లాడించి. కేసు వివరాలు బయటపెట్టకుండా తమ మనసు ఎలా ఉందో మాట్లాడుకోవచ్చునని వారికి తెలియాలి. గోప్యత అంటే నోరు మూసుకుని కుమిలిపోవడమని భావించి ఈ పని మానేసిన మంచి దుభాషులు నాకు తెలుసు. ఆ సంగతి ఎప్పుడు తలచుకున్నా బాధగానే ఉంటుంది.

పన్నెండు మందినీ రెండు రంగాలకూ కలిపి తయారుచేయవచ్చా అన్న మీ చివరి ప్రశ్నకు నా జవాబు, వద్దని. మూడు నెలలూ ఆసుపత్రి పనికే కేటాయించండి. పైన న్యాయస్థానం గురించి చెప్పిన అభ్యాసాలను తరువాత విడిగా పెట్టే శిక్షణకు ఉంచుకోండి. చివరి పరీక్షను ఒక వైద్యుడు, ఒక అనుభవజ్ఞుడైన దుభాషి కలిసి పెట్టాలి. అభ్యర్థికి తెలియని పదం ఒకటీ, రెండర్థాల మాట ఒకటీ, సలహా అడిగే రోగి ఒకరూ అందులో తప్పకుండా ఉండాలి. పన్నెండు మందిలో ఇద్దరు ముగ్గురు నెగ్గకపోవచ్చు, ఎంత నేర్పినా సాయం చేయకుండా, సరిదిద్దకుండా ఉండలేనివారు ఉంటారు. వారి భాషాజ్ఞానం రాతపూర్వక అనువాదంలో బాగా వికసిస్తుంది, ఆ దారి చూపించండి. ఉత్తీర్ణులైనవారు ఆరు నెలలు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేసిన తరువాత, ఇష్టమున్నవారికి న్యాయస్థానం శిక్షణ విడిగా మొదలుపెట్టండి. ఈలోగా వారితో పనిచేయబోయే వైద్యులకు కూడా ఒక పూట శిక్షణ ఏర్పాటు చేయండి: దుభాషి వైపు కాకుండా రోగి వైపు చూసి మాట్లాడాలని, ‘ఆయనను అడుగు’ అనకుండా నేరుగా రోగినే అడగాలని, రెండు మూడు వాక్యాలకు ఒకసారి ఆగాలని. ఆ పూటకు మీ శిక్షణార్థుల్లో ఇద్దరిని తీసుకువెళ్ళి, వైద్యుల ఎదుటే ఒక సంభాషణ చేసి చూపించమనండి, వైద్యులనూ ఒక్కొక్కరిగా ఆ కుర్చీలో కూర్చోబెట్టి చేయించండి.